ఊగని బల్ల

ఊరి చివర లైంగ్‌థార్యార్ పేట నుంచి బయలుదేరేటప్పుడే ఆలస్యమవుతుందని అనుకున్నాను. వంతెన దగ్గర సిపాయిలు బస్సు ఆపి, అందరినీ దింపి, సంచులు విప్పించి, కార్డులు చూసి, మళ్ళీ ఎక్కించేసరికి అహ్లోన్ చర్చిలో సగం పాటలు అయిపోయాయి. నేను వెళ్ళేటప్పటికి అత్త పెట్టెలో ఉంది. మెడ దాకా తెల్ల దుప్పటి కప్పారు. వచ్చినవాళ్ళందరూ మొహం చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను మాత్రం కాళ్ళ వైపు నిలబడి, దుప్పటి ఆ చివర ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాను.

"మొకం సూడే తల్లీ, కాళ్ళేటి సూస్తన్నావు?" అని పక్కనున్న పెద్దావిడ నన్ను ముందుకి తోసింది.

ఆవిడకి ఏం చెప్పను? అత్త కాళ్ళు అంతసేపు కదలకుండా ఉండడం నా జన్మలో చూడలేదని చెప్పనా?

అత్త నాకు చుట్టం కాదు. బర్మాలో ఈ అహ్లోన్ పేటలో మా తెలుగు చర్చి పిల్లలందరికీ ఆవిడ అత్తే. పెళ్ళి చేసుకోలేదు. సేక్కాన్ రేవులో గోడౌన్ల ఆఫీసులో టైపిస్టు. మనిషి సన్నం, మాట పెద్దది. ఆవిడ కాలు ఊగుతూనే ఉండేది. టైపు కొడుతున్నప్పుడు బల్ల కింద పాదం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడేది. టీకొట్టులో ఆ పొట్టి బల్లల దగ్గర కూర్చుంటే అందరి కప్పుల్లో టీ సాసర్లలోకి ఒలికేది. అన్నం నిలబడి తినేది. చేపల పులుసులో సేమ్యాలేసిన మోహింగా గిన్నె చేతిలో పట్టుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ తినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చర్చిలో అయితే ఆవిడ కూర్చున్న బల్లంతా ఊగేది. పాటల పుస్తకాలు జారి కింద పడేవి. పాస్టరుగారు చెప్పి చూశారు, ఆయన భార్య కసురుకుని చూసింది, ఏమీ లాభం లేకపోయింది. ప్రసంగం మధ్యలో నిద్రపోకుండా ఉంటానని మా అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆవిడ పక్కనే కూర్చోబెట్టేది. అలా నా చిన్నతనమంతా ఆ ఊగే బల్ల మీదే గడిచింది.

అలాంటి మనిషి పిస్టల్ పేలుస్తుందని తెలిసినప్పుడు నేను నవ్వాను. చదువయ్యాక ఆవిడ పనిచేసే ఆఫీసులోనే గుమస్తాగా చేరాను. రేవు ఉద్యోగుల ఆటల క్లబ్బులో తుపాకీ గురి విభాగం ఒకటుండేది. ఒక శనివారం నన్ను రేంజికి లాక్కెళ్ళింది. దారి పొడుగునా గొడుగు తిప్పుతూ, చెప్పులు ఈడ్చుకుంటూ, మధ్యమధ్య ఆగి నన్ను "బేగి రావే గుంటా" అని అరుస్తూ నడిచింది. తీరా గీత దగ్గర నిలబడి చెయ్యి ఎత్తేసరికి ఆ మనిషి ఆగిపోయింది. ఊగే కాలు ఆగింది, మాట ఆగింది, చెవి దగ్గర ఎగిరే వెంట్రుక కూడా ఆగినట్టే అనిపించింది. ఠప్పుమంది. చెయ్యి దించింది. మరుక్షణం కాలు మళ్ళీ మొదలు. కదలకుండా ఉండడం ఆవిడకి రాక కాదు, దాన్నంతా ఆ ఒక్క పనికి దాచుకుంటోందని అప్పుడు అర్థమైంది నాకు.

క్లబ్బులో బర్మావాళ్ళు ఆవిడని సయామా అని పిలిచేవారు, అంటే పంతులమ్మ అని. గౌరవానికి లోటులేదు. కానీ దేశం తరఫున ఎంపికకి పేర్లు వెళ్ళినప్పుడల్లా ఆవిడ పేరు కొట్టేసి పంపేవారు. ఆవిడ తండ్రి బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఆవిడ పుట్టింది అహ్లోన్‌లోనే, తెలుగు దేశం ముక్క ఒక్కటి కూడా చూడలేదు. అయినా చేతిలో ఉన్నది విదేశీయుల కార్డు. మా అమ్మ ఈ దేశపు కరెన్ తెగ మనిషి కాబట్టి నాకు పౌరుల కార్డు వచ్చింది. అందుకే నన్ను పట్టుకుంది.

"నాకు గురుంది, కార్డు నేదు. నీకు కార్డుంది, గురి నేదు. గురి నేర్పగలను. కార్డు ఎవులు నేర్పగలరే?" అంది.

ఇందులో ఏడవడమూ లేదు, సెంటిమెంటూ లేదు. చెప్పేసి టీకి లేచింది. మనవాళ్ళలో ఒక్కరైనా ఆ ఎంపిక పోటీలో గీత దగ్గర నిలబడి, పేరు పిలిపించుకుని, నెగ్గాలి. ఆవిడకి కావలసింది అంతే. మొదట ఆవిడంటే భయంతో వెళ్ళాను. తర్వాత నాకే కావాలనిపించింది. ఎంత కావాలనిపించిందంటే, ఆఫీసులో ఫైలు ఎత్తినా మణికట్టు బిగించి ఎత్తేదాన్ని.

క్లబ్బులో ఉన్న పిస్టళ్ళు ముసలివి. ఒకదాని గొట్టం మీద గురి చూసుకునే గురిబిళ్ళ దారంతో కట్టి ఉండేది. ఇంకొకటి పేలేదీ పేలనిదీ దాని ఇష్టం. కొత్తది కొనాలంటే ఆ రోజుల్లో దేశంలోకి సూది కూడా సరిగ్గా వచ్చేది కాదు. అంతకుముందు ఏడాదే సర్కారు పెద్ద నోట్లు చెల్లవంది, క్లబ్బు పెట్టెలో కూడబెట్టినదాంట్లో చాలా భాగం చిత్తుకాగితమైంది. అప్పుడే క్లబ్బు పాత సభ్యుడు, ఒక ఆంగ్లో-బర్మన్ ముసలాయన, ఇల్లూ సామానూ అమ్ముకుని దేశం వదిలి వెళ్ళిపోతూ తన పిస్టళ్ళు రెండు క్లబ్బుకి ఇస్తానన్నాడు. మా స్తోమతుకి ఒక్కటే.

ఒకటి అందగత్తె. పొడవాటి మెరిసే గొట్టం, అరచేతిని కౌగిలించుకునే చెక్కపిడి, తాకితే చాలు పలికే మీట. రెండోది నల్లది, రంగు వెలిసి, మొద్దుగా, ఏ కాపలావాడి నడుముకో ఉండాల్సినదానిలా ఉంది. నేను అందగత్తెని చేతిలోకి తీసుకుని ఇంక వదల్లేదు. క్లబ్బు సెక్రటరీ కూడా దానికే తలూపాడు.

అత్త దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. "అందం పేపరు మీద సూద్దాం" అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఆ రెండింటినీ పెట్టిన తిప్పలు ఇప్పటికీ కళ్ళకి కడుతున్నాయి. సంచిలోంచి దూది తీసి గొట్టం మూతి చుట్టూ తిప్పింది. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ చిన్న నొక్కు ఉన్నట్టట, ఆ నొక్కే తూటాని పక్కకి తోస్తుందట. గురిబిళ్ళని బొటనవేలితో అటూ ఇటూ కుదిపింది. తూటాలు దూర్చే గూడు అంచులని గోరుతో గీకి చూసింది. తర్వాత తూటాలు తీసింది, అదీ ఒక రకం కాదు. సర్కారు కొట్టులో ఏది దొరికితే అది, ఏ దేశానివో, ఎప్పటివో, కొన్ని రంగు మారినవి, అన్నీ కలిపి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి.

"మంచి తూటాలు వెయ్యొచ్చు కదత్తా, పాపం" అన్నాను.

"మంచివి వొస్తే మంచివే పేలుద్దాం. రావు గదే. దీనికి ఏది పెట్టినా తినాల. తిన్నది పేలాల. పేలింది ఒకేకాడ పడాల. అంతే కదేటి?"

ఈ చిన్న తూటాల్లో మందు అంచులో ఉంటుంది. పిస్టల్లోని సూది వచ్చి ఆ అంచు మీద కొట్టాలి. అత్త ఒక్కొక్కటి పేల్చాక ఖాళీ అయిన తూటా కేసులు ఏరుకుని, చేపల బజారులో మొప్పలు ఎత్తి చూసినట్టు, ఒక్కొక్కదాని అంచూ వెలుగులో పెట్టి చూసింది. నల్లదాని దెబ్బ ప్రతిదాని మీదా ఒకే చోట, ఒకే లోతు. అందగత్తెది ఒకసారి లోతు, ఒకసారి గీరినట్టు. పాత తూటాలు పెడితే రెండు పేలి మూడోదానికి నోరు మూసుకుంది. పేపరు మీద మాత్రం, పేలినంతవరకు, అందగత్తెదే చక్కని గుంపు. నేను అది చూపించి వాదించాను. సెక్రటరీ నా వైపే ఉన్నాడు.

"పేలినప్పుడు బాగుంటాది, ఒప్పుకుంతన్నాను" అంది అత్త. "మొగోల్లూ అంతే. నానందుకే సేసుకోలేదు." పళ్ళు బయటపెట్టి నవ్వి నల్లదాన్ని సంచిలో పెట్టుకుంది. ఆ రోజంతా నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ దాన్ని గమనించలేదు, అదింకా కోపం తెప్పించింది.

తర్వాత చాలా రోజులు నా శిక్షణ అంతా ఒక పైసా బిళ్ళతో జరిగింది. నల్లదాన్ని ఎత్తి పట్టుకుంటే గొట్టం మీద బిళ్ళ పెట్టేది. మీట నొక్కాలి, బిళ్ళ పడకూడదు. పడితే మళ్ళీ. కానీ ఒట్టి పిస్టల్ని నొక్కనిచ్చేది కాదు. లోపల తూటా లేకుండా నొక్కితే సూది పోయి ఇనుముకి తగులుతుంది, మొద్దుబారిపోతుంది. అందుకని ఒక ఖాళీ కేసు పెట్టేది, ప్రతిసారీ దాన్ని కొంచెం తిప్పేది, దెబ్బ కొత్త చోట పడాలని. ఆవిడ చేతిసంచిలో రూమాలు, దువ్వెన, నాలుగు ఖాళీ కేసులు ఎప్పుడూ గలగలమంటూ ఉండేవి. "దాన్ని ఏడిపించకే, అదొక్కతే మనకి" అనేది.

ఎండాకాలంలో మొదటి విడత పోటీ జరిగింది. అందగత్తెని ఇంకో డిపార్టుమెంటు క్లబ్బువాళ్ళు కొనుక్కున్నారు, ఒక అమ్మాయి దాన్ని పట్టుకుని నా పక్క గీతలోనే నిలబడింది. అందరికీ అదే సర్కారు కొట్టు తూటాలు ఇచ్చారు. ఆ అమ్మాయి చెయ్యి నా చెయ్యికన్నా మంచిదని చెప్పడానికి నాకు సిగ్గులేదు. కానీ అందగత్తె మాటిమాటికీ మొరాయించింది, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా నల్లది పెట్టినవన్నీ తిని పేలింది. రెండో విడతకి నా పేరు చదివారు. వానలు తగ్గాక ఆఖరి ఎంపిక అన్నారు. అత్త చప్పట్లు కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పిడి నీకు వొదులుగుంది. సెక్కాల" అంది. సెక్రటరీని ఎలా ఒప్పించిందో, లక్క కలిపిన రంపపు పొడి ముద్దలో నా అరచేతి అచ్చు తీసి, ఆ అచ్చు ప్రకారం టేకుముక్క చెక్కడానికి నల్లదాన్ని ఇంటికి తీసుకుపోయింది.

ఆ వానల్లోనే ఎనభై ఎనిమిది ఆగస్టు వచ్చింది.

రేవు ఆగిపోయింది, ఆఫీసులు మూతపడ్డాయి, సర్కారు దిగిపోవాలని జనం వీధుల్లోకి వచ్చారు. ఊరంతా అత్తలా అయిపోయింది, ఎవరూ ఒకచోట కూర్చోలేకపోతున్నారు. అత్త కూడా గొడుగు పట్టుకుని రేవు కూలీలతో నడిచింది. ఏ జెండా పట్టుకోలేదు. "నడిసీవోల్లతో నడుస్తన్నాను. నడక నాకలవాటే" అంది. తర్వాత కాల్పులు జరిగాయి. వీధి మొగల్లో వెదురు కంచెలు లేచాయి. ఒక పొద్దున మా వీధి కుర్రాళ్ళు కొందరు ఆవిడ గుమ్మంలోకి వచ్చి, క్లబ్బు తుపాకులు ఎక్కడున్నాయి, తాళం ఎవరి దగ్గరుంది అని బర్మాలో అడిగారు. నేను అక్కడే ఉన్నాను.

"తాళం నా దగ్గర లేదు నాయనా" అంది అత్త. అది నిజమే. "ఆ తుపాకుల ముందు కాగితం ఉండాలి. వాటి ముందు మనిషిని పెడితే మీరూ గురి తప్పుతారు, అవతలవాడు తప్పడు."

వాళ్ళు వినలేదు. రేంజి తలుపు బద్దలుకొట్టి ఉన్నవన్నీ పట్టుకుపోయారు. ఆ సాయంత్రం నేను ఏడుస్తూ, మన నల్లది కూడా పోయిందా అని అడిగాను. "పోనాది" అంది అత్త, మొహం అటు తిప్పుకుని. నేను నమ్మాను.

ఆ తర్వాత మిలిటరీ మళ్ళీ వచ్చింది. దోచిన ఆయుధం ఎవరింట్లో దొరికినా వదలమని రేడియోలో చెబుతూనే ఉన్నారు. క్లబ్బు బీరువాలో లేని ప్రతిదీ దోచినదాని కిందే లెక్క. ఇళ్ళు వెతికేవారు, సంచులు వెతికేవారు. విదేశీ కార్డులున్న ఇళ్ళని ఇంకొంచెం ఓపిగ్గా వెతికేవారు. అత్త చిక్కిపోయింది. "ఈ ఊరోల్లు పొమ్మంటే ఏ ఊరికి పోవాలే? సికాకులం ఏపక్కనుందో నాకు తెల్దు" అంది ఒకసారి, ఏ సందర్భమూ లేకుండా. ఆ మాట ఎందుకందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లో మా చర్చి కోతల పండుగ వచ్చింది. నలుగురు గుమికూడకూడదని ఆర్డరున్నా, గుళ్ళకీ చర్చిలకీ చూసీచూడనట్టు పోయేవారు. కోతల పండుగంటే ఎవరికి కలిగింది వాళ్ళు దేవుడికి తెస్తారు. పొలాలు ఎవరికున్నాయి, పెరట్లో ఆనపకాయ, గంపలో కోడి, డజను గుడ్లు, అరటిగెల. ఆరాధనయ్యాక అన్నీ వేలం వేస్తారు. వేలానికి మా పద్ధతులు మాకున్నాయి. తెచ్చినవాళ్ళు తమ వస్తువుకి తామే పాడకూడదు. కొన్నవాళ్ళు పెద్దమనసుతో దాన్ని మళ్ళీ వేలానికే ఇచ్చేస్తారు, అలా ఒక్క కోడే నలుగురి చేతులు మారుతుంది. ఇంక కాయ పెద్దదైతే, ఒకసారి పాడించాక ముక్కలుగా కోసి ముక్కముక్కా పాడిస్తారు. అందుకే వేలం బల్ల మీద పెద్ద కత్తిపీట ఒకటి సిద్ధంగా ఉంటుంది.

వేలం పాడించేది మా డీకన్‌గారు. గొంతుకి గొంతు, హాస్యానికి హాస్యం. ఆ రోజు అన్నీ అయ్యాక పాస్టరుగారి గదిలోకి వెళ్ళి, ఒక గుమ్మడికాయ మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్దది, ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"ఎవులో గదిలో వొదిలీసి మర్సిపోనారు! దేవుడి కాయ దాస్తారేటి? అబ్బో, సూడండి, ఒకపక్కకి ఒరిగిపోతంది, అంత గింజుంది లోపల!" అన్నాడు.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగా ఏదో తేడాగా అనిపించింది. తిరిగే ఫ్యాను ఆగిపోతే చెవికి తెలుస్తుంది చూడండి, అలాగ. ఏమిటా అని చూసుకుంటే, నేను కూర్చున్న బల్ల ఊగడం లేదు.

పక్కకి చూశాను. అత్త నిటారుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, పాదాలు నేలకి అంటుకుని ఉన్నాయి. రేంజిలో గీత దగ్గర తప్ప ఎక్కడా చూడని మొహం అది. ఎదురుగా పాస్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్త పెరట్లో గుమ్మడిపాదు ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. పాదు లేకపోయినా ఆ రిబ్బను మాత్రం ఆవిడ టైపుమిషను గుడ్డకి కట్టేదే.

"కొనీవే" అంది అత్త, పెదవులు కదపకుండా.

అంతే. నాకు అర్థమైపోయింది. పిడి చెక్కడానికి ఆవిడ ఇంటికి తెచ్చుకున్న నల్లది పోలేదు, ఆ కాయలో ఉంది. తెచ్చిన మనిషి పాడకూడదు. బల్ల మీద కత్తిపీట ఉంది. వెనక వరసలో ఎవరికీ తెలియని కొత్త మనిషి ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చుని అందరినీ చూస్తున్నాడు.

నేను లేచి పాడాను. బియ్యం మిల్లు మేస్త్రీగారు నాకన్నా పైకి పాడారు. ఆయన దేవుడి పనికి చెయ్యి పెద్దది. కొని, నవ్వి, కోయించి, ముక్కలు పంచడం ఆయనకి ఏటా సరదా. నేను ఇంకా పైకి పాడాను. ఆయన ఇంకా పైకి. నేను హాస్యానికి పాడుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. జనానికి హుషారొచ్చింది. డీకన్‌గారు కత్తిపీట ముందుకి లాగి, "ముక్కలకి సిద్ధమేనా?" అని అరిచాడు. నా జీతం ఎప్పుడో దాటిపోయాను. నా పక్కన బల్ల రాయిలా ఉంది. నా చెవులకున్నవి అమ్మ పెట్టిన బంగారు దిద్దులు. రెండూ ఊడదీసి, నడుచుకుంటూ వెళ్ళి, బల్ల మీద పెట్టాను.

మేస్త్రీగారు చెయ్యి దించేశారు.

"మల్లీ వేలం! మల్లీ వేలం!" అని కొందరు మొదలుపెట్టారు, పద్ధతి ప్రకారం. నేను కాయని రెండు చేతులా కావలించుకుని, "ఇవ్వను, నాకే కావాల!" అన్నాను. గొంతు కీచుమంది. ఎవరి మొహమూ చూడకుండా పాస్టరుగారి గదిలోకి వెళ్ళిపోయాను. వెనకనుంచి నవ్వులు, చీదరింపులు. కొత్త మనిషి కూడా నవ్వడం విన్నాను, ప్రాణం లేచొచ్చింది.

చెవులమ్ముకుని గుమ్మడికాయ పులుసు తిన్న గుంట అని ఆ రోజు నుంచి నా పేరు. పెళ్ళిలో అన్నారు, నా పిల్లల పేర్లు పెట్టేటప్పుడు అన్నారు. మొన్న అత్త పెట్టె పక్కన కూడా డీకన్‌గారు, ఇప్పుడాయనకి చూపు ఆనదు, నా గొంతు గుర్తుపట్టి, "గుమ్మడికాయమ్మ వొచ్చినాదా? ఇంకా బిగబట్టుకునే ఉన్నావేటే ఆ కాయ?" అన్నాడు. అందరూ చావు దగ్గర నవ్వకూడదని ఆపుకుంటూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. చెప్పేద్దామనుకున్నాను. మీ అందరి మెడలూ ఆ కాయలో ఉన్నాయయ్యా అందామనుకున్నాను. వంతెన మీద ఆపిన సిపాయిలు గుర్తొచ్చారు. మళ్ళీ మిలిటరీ రాజ్యం, మళ్ళీ అవే రోజులు. నోరు మూసుకున్నాను.

ఆ గదిలో జరిగింది ఇది.

నా వెనకే అత్త వచ్చింది, ఆవిడ వెనక పాస్టరుగారు వచ్చి గడియ వేశారు. పక్క వీధి మఠంలో పెద్ద భిక్షువుగారూ ఆయనా కలిసి, ఎవరైనా తెచ్చి పడేసిన ఆయుధాలు పేరు అడగకుండా తీసుకుని మిలిటరీకి అప్పగిస్తున్నారట. దానికే తెచ్చింది అత్త. బియ్యం డబ్బాలో ఇన్నాళ్ళు దాచి, పండుగ రోజు అందరి చేతుల్లోనూ కాయలుంటాయి కదా అని ఆ రోజు తెచ్చింది. డీకన్‌గారి ఉత్సాహం సంగతి మర్చిపోయింది.

రిబ్బను విప్పింది. తొడిమ దగ్గర కోసి అన్నం మెతుకులతో అతికించిన మూత ఊడదీసింది. నూనెగుడ్డలో చుట్టిన నల్లదాన్ని బయటికి తీసి, దానికంటిన గింజలు కొంగుతో తుడిచింది. కొత్త పిడి అప్పుడు చూశాను. నా చెయ్యి, నా వేళ్ళ మధ్య ఖాళీలు కూడా, టేకులో ఉన్నాయి. ఈ భయంలో, ఆ సోదాల్లో, కూర్చుని అది పూర్తిచేసింది ఆవిడ.

"బేగి కానియ్యండమ్మా, మఠం నుంచి మనిషొస్తాడు" అన్నారు పాస్టరుగారు.

"ఒక్క నిమిషం పాస్టరుగారూ. సెలెక్షనుంది" అంది అత్త.

బల్ల మీద ఆ పూట చందా పళ్ళెం ఉంది. అందులోంచి ఒక బిళ్ళ తీసింది. చేతిసంచి వెతికి ఖాళీ కేసు ఒకటి తీసి, నల్లదాంట్లో పెట్టి, కొంచెం తిప్పింది. సాయంత్రానికల్లా తుప్పు ఇనుము గుట్టలో పడబోయే దాని సూదికి దెబ్బ తగలకూడదట. అది చూసి ఏడ్చేశాను.

"ఏడిస్తే సెయ్యి ఒణుకుతాది. తుడుసుకో. ఎత్తు" అంది.

ఎత్తాను. పిడి నా చేతిని పట్టుకుంది. అత్త గొట్టం మీద బిళ్ళ పెట్టింది. లోపల తూటా లేదని తెలిసీ పాస్టరుగారు గోడకి అంటుకుని కళ్ళు మూసుకున్నారు. బయట డీకన్‌గారు కోడిని పాడిస్తున్నాడు, కోడి గోలపెడుతోంది. ఆఖరి పోటీ ఎప్పటికీ జరగదని, రేంజి చుట్టూ ముళ్ళకంచె వేస్తారని, మేం ఇంకెప్పుడూ దాన్ని తాకమని నాకప్పుడు తెలియదు. ఆవిడకి తెలుసు. ఎదురుగా గోడ మీద కేలండర్లో ఒక ఆదివారం చూసుకుని, ఊపిరి సగం వదిలి, నొక్కాను.

టక్కుమంది. బిళ్ళ కదల్లేదు.

అత్త దాని వైపు చాలాసేపు చూసింది. చూసి, బిళ్ళ తీసి, దేవుడి సొమ్ము కదా, జాగ్రత్తగా మళ్ళీ పళ్ళెంలోనే పెట్టింది. పిస్టల్ గుడ్డలో చుట్టి పాస్టరుగారి చేతికిచ్చింది.

"సెలెక్టయినావే" అంది నాతో. "ఇంకోలు నీ పేరు రాస్తే రాస్తారు, నేకపోతే నేదు. నాను సూసినాను."

అని బల్లకి ఆనుకుని కూర్చుంది. కాలు మళ్ళీ ఊగడం మొదలైంది. బల్ల ఊగింది, బల్ల మీది చందా పళ్ళెంలో చిల్లర గలగలమంది. మొన్న పెట్టె దగ్గర, కాళ్ళ వైపు నిలబడి, నేను ఎదురుచూసింది ఆ చప్పుడు కోసమే.